నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు, సరే... ఆ తర్వాత?
తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గురించి నల్గొండలో ఒక ప్రసంగం

(నల్గొండలో జరిగిన సభలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినోళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసినం. తడబాట్లు తీసేసినం, మిగతాదంతా ఆయన మాటే.)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల కూసున్న అమ్మలకు, ఎనక గోడకు ఆనుకోని నిలబడ్డ తమ్ముళ్ళకు అందరికీ నమస్కారం. తమ్ముడూ, ముందల కుర్చీలు ఖాళీగ ఉన్నయ్, వచ్చి కూసోండి, నేను లెక్చరర్‌నే గాని ఇప్పుడు ప్రశ్నలేం అడగ, భయపడకండి.

నన్ను పిలిచినోళ్ళు ఏమన్నరంటే సార్, రావి నారాయణరెడ్డి గారి మీద ఓ అరగంట మాట్లాడాలె, ఆ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్ల ముచ్చట కచ్చితంగ చెప్పాలె అన్నరు. చెప్తా. చెప్పకుంటే మీరు ఊకోరు గద. నల్గొండోడు ఎక్కడికి పోయినా ఈ ఒక్క ముచ్చట చెప్పుకుంటడు. కాబట్టి ముందు దాన్ని ఒడగొట్టేద్దాం, ఎందుకంటే నాకు అసలు చెప్పాలని ఉన్నది అది కాదు.

1952 ఎన్నికలు. దేశంల మొట్టమొదటి సారి పెద్దోడు చిన్నోడు అని లేకుండ అందరు ఓటేసిన ఎన్నికలు. నల్గొండ లోక్‌సభ సీటుకు నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు 3,09,162. అదే ఎన్నికలల్ల జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినయి 2,33,571. అంటే డెబ్బై అయిదు వేల పైచిలుకు ఎక్కువ. దేశం మొత్తంల అందరికంటే ఎక్కువ ఓట్లు మనాయనకే.

ఇప్పుడు కొందరు తెలివైనోళ్ళు ఉంటరు, వాళ్ళేమంటరంటే సార్ అది ద్విసభ్య నియోజకవర్గం, ఒక్క సీటుకు ఇద్దరు ఎంపీలు, ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు, అందుకే అన్ని ఓట్లు వచ్చినయి అంటరు. నిజమే, ద్విసభ్యమే. మరి నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పడమర సీటు ఏంది? అది కూడా ద్విసభ్యమే! ఇంకో మాట, రెండు ఓట్లు ఉన్నా ఒకే మనిషికి రెండూ వేసుడు లేదు. అంటే ఆ మూడు లక్షల తొమ్మిది వేల నూట అరవై రెండు అనేది ఓట్ల లెక్కే కాదు, అంత మంది మనుషుల లెక్క. ఆ వాదన ఇంతటితోని బంద్.

ఆ ఓటు ఎట్ల ఏసిన్రో మీల ఎంతమందికి తెలుసు? ఇప్పటి లెక్క బటన్ కాదు, ముద్ర గుద్దుడు కూడ కాదు. గదిల ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బ పెడతరు, ఇనుప డబ్బ, దాని మీద గుర్తు అంటించి ఉంటది. నీ చేతికి కాగితం ఇస్తరు, నువ్వు చాటుకు పోయి నీకు నచ్చిన గుర్తు ఉన్న డబ్బల వేసి రావాలె. అంతే. రాసేది లేదు, గీసేది లేదు. మన జిల్లాల అప్పుడు అక్షరం ముక్క రానోళ్ళే ఎక్కువ, అందులోనూ ఆడోళ్ళైతే గడప దాటి సర్కారు గదిల అడుగు పెట్టుడు అదే మొదలు. దొర గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోళ్ళు పోయి, దొర నిలబెట్టిన మనిషి డబ్బ పక్కనుంచి నడిచి, ఇంకో డబ్బల కాగితం వేసి వచ్చిన్రు. ఆ గదిల దొర లేడు, దొర మనిషి లేడు. నాకు అంకెల కంటే ఈ ముచ్చటే పెద్దగ అనిపిస్తది.

ఇంకో ప్రశ్న అడుగుత. ఏం అడగ అన్న గని ఇదొక్కటి అడుగుత. ఇద్దరు ఎంపీలు అన్నం గద, రెండో ఆయన పేరు ఎవరికి తెలుసు? ...చూసిన్రా. ఒక్క చెయ్యి లేవలే. సుంకం అచ్చాలు. దళితుడు, నారాయణరెడ్డి నిలబడ్డ పీడీఎఫ్, అంటే ప్రజాస్వామ్య ఫ్రంటు తరఫుననే, అదే నల్గొండ సీటు నుంచి, అదే రోజు గెలిచిండు. రెడ్డి పేరు డెబ్బై ఏండ్లుగ చెప్పుకుంటున్నం, అచ్చాలు పేరు మనకు నోటికి రాదు. ఇది నారాయణరెడ్డి తప్పు కాదు, మన తప్పు. గెలిచిన నాడు పార్లమెంటుల మొదలు నారాయణరెడ్డినే అడుగు పెట్టనిచ్చిన్రు అని కూడ ఊర్లల్ల చెప్పుకుంటరు, నేను దాని జోలికి పోను, అది లేకున్నా ఆయన కతకు వచ్చే లోటేం లేదు.

సరే. రికార్డు అయిపోయింది. ఇప్పుడు మనిషి గురించి మాట్లాడుకుందాం.

నారాయణరెడ్డి 1908 జూన్‌ల పుట్టిండు. ఊరు బొల్లేపల్లి, భువనగిరి పక్కనే. కలిగినోళ్ళ ఇల్లు, భూస్వాముల కుటుంబం. ఇది ఎందుకు చెప్తున్ననంటే, ఆయన జీవితమంతా ఎవరి మీద కొట్లాడిండో వాళ్ళు ఆయనకు పరాయోళ్ళు కాదు, పెండ్లిలల్ల పక్కన కూసొని అన్నం తినేటోళ్ళు, వరసకు మామలు బావలు అయ్యేటోళ్ళు. బయట నిలబడి రాయి విసురుడు ఒక తీరు, ఇంట్ల పుట్టి ఇంటి దూలం కోసుడు ఇంకో తీరు.

చదువు హైదరాబాద్‌ల. అప్పుడు పల్లెల నుంచి పోయిన పిల్లలకు పట్నంల ఉండటానికి జాగ ఏది? రెడ్డి హాస్టల్. 1918ల రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, అంటే కొత్వాల్, మన పాలమూరు వైపు మనిషి, నిజాం కొలువుల పోలీసు పెద్ద, ఆయన పూనుకొని పెట్టిచ్చిండు. ఇప్పుడు ఆలోచించండి, నిజాం పోలీసు పెద్ద పెట్టిన హాస్టల్‌ల అన్నం తిని చదువుకున్న పిల్లలే తర్వాత నిజాం మీద తిరగబడ్డరు. ఆ హాస్టల్‌ల లైబ్రరీ ఉండె, పత్రికలు వచ్చేవి, తెలుగు అనే మాట గట్టిగ మాట్లాడేటోళ్ళు ఉండిరి. ఆ గాలి పీల్చినంక ఎవడు ఊకుంటడు?

1930ల గాంధీ ఉప్పు సత్యాగ్రహం అంటే ఈయన కాకినాడ పోయి పాల్గొన్నడు. నిజాం రాజ్యంల సముద్రం లేదు గద మరి! తర్వాత హరిజన సేవక సంఘం హైదరాబాద్ శాఖ కార్యదర్శిగ పనిచేసిండు. దళితుల పిల్లల కోసం బడులు, హాస్టళ్ళు. ఇది చాలామంది దాటేసి పోతరు, ఏకంగ కమ్యూనిస్టు, తుపాకి దగ్గరికి దుంకుతరు. నన్ను అడిగితే మాత్రం ఈ అయిదారేండ్లే ఆయన్ని తయారు చేసినయి. ఒక రెడ్డి దొర బిడ్డ మాలవాడ, మాదిగవాడ తిరుగుడు 1930లల్ల అంటే మాటలా? ఇప్పుడు కూడ కొన్ని ఊర్లల్ల హోటల్ గ్లాసుల ముచ్చట మీకు నాకు తెల్వదా?

1938. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ అని పెట్టుకుందామంటే, పుట్టక ముందే నిజాం సర్కార్ నిషేధం పెట్టింది. నిషేధాన్ని ధిక్కరించి సత్యాగ్రహం మొదలు పెట్టిన్రు, అక్టోబర్ 24న మొదటి జట్టు అరెస్ట్ అయింది, గోవిందరావు నానల్ నాయకత్వంల. ఆ మొదటి జట్టుల మనాయన ఉన్నడు. అంటే అప్పటికి ఈయన కాంగ్రెసు మనిషి, గాంధీ మనిషి. రెండు నెలలు తిరగక ముందే గాంధీ ఆ సత్యాగ్రహం ఆపెయ్యమన్నడు, ఆపేసిన్రు. జైలుకు పోయిన కుర్రోళ్ళకు ఎట్లుంటది? ఎందుకు పోయినం, ఎందుకు ఆపినం అని రగులుతది. అట్ల రగిలినోళ్ళల్ల చాలామంది ఎడమ దిక్కు జరిగిన్రు. 1940 వచ్చేసరికి ఈయన కమ్యూనిస్టు.

ఈడ ఒక చిన్న మాట. ఆపుడు అనేది ఆయన జీవితంల రెండు సార్లు వచ్చింది. 1938ల వేరేటోళ్ళు ఆపిన్రు, ఈయన బాధపడ్డడు. పదేండ్లకు ఈయనే ఆపుదామన్నడు. దాని గురించే నేను ఇయ్యాల ఇంత దూరం వచ్చింది. జర ఓపిక పట్టండి, ఆడికే వస్తున్న.

ఆంధ్ర మహాసభ, అంటే నిజాం రాజ్యంల తెలుగోళ్ళ సంస్థ, దాని గురించి చెప్పాలె. 1930ల జోగిపేటల మొదలైంది, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు, రెండోది మన దేవరకొండల 1931ల, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షుడు. మొదట్ల అంతా వకీళ్ళు, చదువుకున్నోళ్ళు, తెలుగుల బడి కావాలె, గ్రంథాలయం కావాలె, సర్కారుకు వినతిపత్రం ఇయ్యాలె, గట్ల నడిచింది. తప్పేం లేదు, అదీ కావాల్సిందే. కాని వెట్టి చేసేటోనికి గ్రంథాలయం ఎక్కడ అందుతది? 1941ల చిలుకూరుల ఎనిమిదో మహాసభ. తమ్ముళ్ళూ, చిలుకూరు అంటే వీసా బాలాజీ చిలుకూరు కాదు, మన హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరు. ఆ సభకు నారాయణరెడ్డి అధ్యక్షుడు. అప్పటి నుంచి గాలి మారింది. 1944 భువనగిరి, పదకొండోది, మళ్ళ ఈయనే అధ్యక్షుడు, సొంత గడ్డ మీద. సభ్యత్వం రుసుము తగ్గించిన్రు, కూలోడు కూడ కట్టగలిగేటట్టు. అంతే, పెద్దమనుషులు బయటికి పోయిన్రు. బూర్గుల, మాడపాటి, కొండా వెంకట రంగారెడ్డి వీళ్ళంతా వేరు కుంపటి పెట్టుకున్నరు. ఒక్క సభ్యత్వ రుసుముకే చీలిందా అంటే కాదు, లోపల మస్తు ఉన్నయ్, గాని ఆ రుసుము తగ్గుడుతోనే తేలిపోయింది ఇక ఈ సంస్థ ఎవరిదో.

ఆ తర్వాత దాన్ని ఊర్లల్ల ఆంధ్ర మహాసభ అని ఎవరు పిలవలే. సంగం. అంతే, సంగం. సంగపోళ్ళు వచ్చిన్రు, సంగంల చేరినవా, సంగం చెప్పింది వెట్టి చెయ్యొద్దని. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఒక్కొక్కరికి దొర ఇంట్ల ఒక్కో ఉచిత చాకిరి. దానికి తోడు యుద్ధం రోజులల్ల లెవీ గల్లా. సర్కారు ధాన్యం వసూలు చేస్తది, పెద్ద దొర గరిసెలు ముట్టరు, రెండెకరాలోని ఇంట్ల విత్తనాలు కూడ ఊడ్చుకపోతరు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ పంట కోసం నిలబడ్డది ఈ రోజులల్లనే, ఆమె వెనకాల నిలబడ్డది ఈ సంగమే. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన్రు. కడవెండి అప్పుడు మన నల్గొండ జిల్లానే, జనగామ తాలూకా. గుత్పలు, అంటే దుడ్డుకర్రలు పట్టుకున్న చేతులు అక్కడి నుంచి తుపాకుల దాకా పోయినయి.

1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపు. పిలుపు ఇచ్చినోళ్ళు ముగ్గురు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. గమనించండి, బొల్లేపల్లి దొర బిడ్డ, కరీంనగర్ రైతు నాయకుడు, ఉర్దూ కవి. ఇది హిందూ ముస్లిం కొట్లాట అని ఇప్పుడు చెప్పేటోళ్ళకు ఆ మూడు పేర్లు చాలు, నేను వేరే ఏం చెప్పక్కర్లే.

ఆ పోరాటం గురించి మీకు కొత్తగ చెప్పేదేం లేదు, మీ ఇండ్లల్ల తాతలు చెప్పే ఉంటరు. పార్టీ లెక్క ప్రకారం మూడు వేల ఊర్లల్ల పది లక్షల ఎకరాలు పంచిన్రు, నాలుగు వేల మంది ప్రాణాలు ఇడిచిన్రు. నేను దాన్ని ఎక్కువ సాగదీయ.

ఆపుదామన్న మనిషి

ఇగో, ఇక్కడికి వచ్చినం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు. రజాకార్ల పీడ విరగడైంది. జనం రోడ్ల మీదికి వచ్చిన్రు, సైనికులకు దండలు వేసిన్రు. ఇప్పుడు అడవిల, గుట్టల మీద తుపాకి పట్టుకొని ఉన్న దళాల ముంగట ప్రశ్న ఏంది? ఎవని మీద కొట్లాడుతున్నమో వాడు పోయిండు. తుపాకి దించాల్నా, దించొద్దా?

పార్టీ నాయకత్వం దించొద్దన్నది. వాళ్ళ వాదన చిన్నదేం కాదు, జర వినండి. తుపాకి దించితే పారిపోయిన దొరలు తిరిగి వస్తరు, ఈసారి మిలిటరీ ఎంబడి వస్తరు, పంచిన భూమి గుంజుకుంటరు, సంగంల ఉన్నోళ్ళను చెట్టుకు కట్టి కొడతరు అన్నరు. అయిందా కాలేదా? అయింది! నిన్నటి దాకా నిజాం టోపీ పెట్టుకున్న దొర తెల్లారేసరికి గాంధీ టోపీ పెట్టుకొని జీపు ముందు సీట్ల కూసొని ఊర్లెకు దిగిండు. దేవులపల్లి వెంకటేశ్వరరావు, భీంరెడ్డి నర్సింహారెడ్డి లాంటి వాళ్ళు కొనసాగించాల్సిందే అన్నరంటే ఊరికె అనలే.

నారాయణరెడ్డి ఏమన్నడు? ఆపుదాం అన్నడు. ఆయన మాట ఏందంటే, మనం నిజాం మీద కొట్లాడుతుంటే జనం మొత్తం మన వెనక ఉన్నరు, దొరల చిన్న చితక చుట్టాలు కూడ లోపల లోపల మన దిక్కే ఉన్నరు. ఇప్పుడు సైన్యాన్ని జనం తమను విడిపించిన సైన్యం అనుకుంటున్నరు, దాని మీద తుపాకి ఎక్కుపెడితే మన వెనక ఎంతమంది మిగులుతరు? రైతుకు కావాల్సింది భూమి, ఆ భూమికి చట్టబద్ధమైన హక్కు. బహిరంగంగ జనంలకు వచ్చి ఆ హక్కు కోసం కొట్లాడుదాం. పిల్లలు వట్టిగ సచ్చిపోతున్నరు. ఇది ఆయన పాయింటు. పార్టీ లోపల దీని మీద పెద్ద పత్రమే రాసిండు, మొహమాటం లేకుండ.

ఇప్పుడు మీరు ఆ రోజులల్లకు పోయి ఆలోచించండి. పిలుపు ఇచ్చిన ముగ్గురిల ఈయన ఒకడు. ఈయన పేరు విని ఇల్లు ఇడిచి పోయిన పిల్లలు ఎంతమందో. ఇప్పుడు ఈయనే ఆపుదాం అంటే ఎట్లుంటది? పిరికోడు అన్నరు, మితవాది అన్నరు, లొంగిపోయిండు అన్నరు, ఆఖరికి పుట్టిన బుద్ధి ఎక్కడ పోతది, దొర బిడ్డ దొర బిడ్డే అన్నరు. ఆ చివరిది ఎంత గుచ్చుకుంటదో ఆలోచించండి. యుద్ధం మొదలు పెట్టుమన్నోనికి పూలదండ దొరుకుతది. ఆపుమన్నోనికి ఏం దొరుకుతది?

మూడేండ్లు పట్టింది పార్టీకి. 1951 మొదట్ల నలుగురు నాయకులు, రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్, దొంగచాటుగ మాస్కో దాకా పోయి స్టాలిన్‌ని కలిసి వచ్చిన్రు. నాకు అప్పుడప్పుడు నవ్వు వస్తది, మళ్ళ ఏడుపూ వస్తది. బొల్లేపల్లి మనిషి భువనగిరి జనాన్ని చూసి చెప్పిన మాట, మాస్కో పోయి వస్తే గాని చెవికెక్కలే. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించినం అని ప్రకటించిన్రు. ఈ మధ్యల మూడేండ్లల్ల పోయిన ప్రాణాలు?

ఆ మధ్యలనే, 1951 ఏప్రిల్ 18న, మన పోచంపల్లికి వినోబా భావే వచ్చిండు, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్త అన్నడు, భూదానం పుట్టింది. పోచంపల్లి ఎక్కడుంది, బొల్లేపల్లి ఎక్కడుంది? పక్కపక్కనే. సంగపోళ్ళు పంచిన భూమిని మిలిటరీ పెట్టి గుంజుతున్న రోజులల్లనే, ఆ పక్క ఊర్లనే దానంగ భూమి. వినోబా మంచోడే, నేను కాదన. కాని ఆ వంద ఎకరాల వెనకాల సంగం భయం ఎంతుందో, దయ ఎంతుందో మీరే కొలుచుకోండి.

ఇప్పుడు మళ్ళ 1952 ఎన్నికల దగ్గరికి రండి. పోరాటం ఆపి ఆరు నెలలు కాలే. హైదరాబాద్ రాష్ట్రంల కమ్యూనిస్టు పార్టీ మీద ఇంకా నిషేధమే, అందుకే పీడీఎఫ్ అని, ప్రజాస్వామ్య ఫ్రంటు పేరుతో నిలబడ్డరు. ఆ 3,09,162 ఓట్లు ఎవరికి పడ్డయి? తుపాకి పట్టుమన్న మనిషికా, తుపాకి దించుదాం అన్న మనిషికా? ఇద్దరూ ఒక్కడే! జనానికి రెండూ తెలుసు. పార్టీల ఆయన్ని ఏమేమో అన్నరు గని, ఊర్లల్ల ముసలమ్మలు ఆయన డబ్బ వెతుక్కొని వేసిన్రు. నేను ఆ అంకెను నెహ్రూతోని పోల్చ, మూడేండ్లు ఆయన్ని తిట్టిన తిట్లకు అది జనం చెప్పిన జవాబు అనుకుంట. మీరు వేరే తీరు అనుకోవచ్చు, కొట్లాడుకుందాం, టీ తాగుకుంట.

ఆ ఏడు నల్గొండ ఇంకా ఎవరెవరిని పంపిందో చూడండి. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, దళంల తిరిగిన మనిషి, ఎమ్మెల్యే. సూర్యాపేట నుంచి ధర్మభిక్షం. పట్నంల శాలిబండల ఓడిపోయిన మఖ్దూంను హుజూర్‌నగర్ ఉప ఎన్నికల మనోళ్ళు గెలిపించి అసెంబ్లీకి పంపిన్రు, ఉర్దూ కవిని! ఆ ధర్మభిక్షమే 1996ల నల్గొండ ఎంపీ అయిండు చూడండి, ఫ్లోరైడ్ నీళ్ళ బాధ చెప్పుకోటానికి 480 మంది నిలబడ్డ ఎన్నిక, బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క అచ్చు వేయాల్సి వచ్చి ఎన్నికే వాయిదా పడ్డది. మన జిల్లా ఓటు ఎప్పుడూ ఊరికె పడలే.

తర్వాతి సంగతి తొందరగ చెప్తా. 1957ల నారాయణరెడ్డి భువనగిరి ఎమ్మెల్యే. నల్గొండ ఎంపీగ ఆ సారి దేవులపల్లి వెంకటేశ్వరరావు, అదే, పోరాటం ఆపొద్దన్న ఆయన. 1962ల మళ్ళ నల్గొండ ఎంపీ నారాయణరెడ్డి. ఆపుదాం అన్నోడు ఒకసారి, ఆపొద్దు అన్నోడు ఒకసారి, ఇద్దరినీ మనోళ్ళే పంపిన్రు. 1964ల పార్టీ చీలింది. ఈయన సీపీఐలనే ఉన్నడు, భీంరెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం సీపీఎం దిక్కు పోయిన్రు, దేవులపల్లి ఇంకా ఎడమకు పోయిండు. పాత గాయం ఎక్కడ పగిలిందో మళ్ళ అక్కడనే చీలింది. 1967 వచ్చేసరికి ఈయన ఎన్నికల నుంచి పక్కకు జరిగిండు. అరవై ఏండ్లు కూడ నిండలే అప్పటికి. ఇప్పటి నాయకులకు అరవై అంటే కెరీర్ మొదలు!

మరి ఆయన అడిగిన చట్టబద్ధమైన హక్కు ఏమైంది? 1949ల జాగీర్లు రద్దైనయి, 1950ల కౌలుదారీ చట్టం వచ్చింది, 1954ల దాన్ని సవరించిన్రు. ఆ చట్టంల 38-ఇ సెక్షన్ అంటే తెలుసు గద, ఈడ భూమి కేసులు ఉన్నోళ్ళకు అందరికీ తెలుసు, రక్షిత కౌలుదారుకు భూమి సొంతం చేసే సర్టిఫికెట్. ఇప్పటికీ తహసీల్దార్ ఆఫీసు ముంగట ప్లాస్టిక్ కవర్ల ఆ పసుపు పచ్చ కాగితం మడతలు పెట్టుకొని తిరిగేటోళ్ళు ఉన్నరు. ఆ సవరణ చేసిన ముఖ్యమంత్రి ఎవరు? బూర్గుల రామకృష్ణారావు. 1944ల భువనగిరి సభ తర్వాత విడిపోయినోళ్ళల్ల ఒకడు! ఒకరు బయట ఒత్తిడి పెట్టిన్రు, ఒకరు లోపల చట్టం చేసిన్రు. చట్టం సగం సగం అమలైంది, అది వేరే బాధ. కాని పోరాటం జరగకుంటే ఆ సెక్షన్ ఉంటుండెనా అని అడిగితే, ఉండకపోవు. పోరాటం ఆపకుంటే అమలైతుండెనా అంటే, అదీ కాకపోవు. నా లెక్క అది.

ఆయన తన అనుభవాలు పుస్తకంగ రాసిండు. పొగిడించుకోటానికి కాదు, తన వాదన తనే చెప్పుకోటానికి. 1991 సెప్టెంబర్ 7న పోయిండు. 1992ల సర్కారు పద్మవిభూషణ్ ప్రకటించింది, మనిషి పోయినంక.

ఒక చీటీ వచ్చింది, చదువుత. "సార్, ఆయన ఆపుదాం అన్నడు సరే, మరి మా తాత 1950ల చనిపోయిండు, ఆయన చావు వట్టిదేనా?" ...పేరు రాయలే. బాబూ, వట్టిది కాదు. మీ తాత పార్టీ చెప్పిన మాట నమ్మి నిలబడ్డడు, ఊర్ల భూమి నిలబెట్టటానికి నిలబడ్డడు, దానికి వంక పెట్టే హక్కు నాకు లేదు, నారాయణరెడ్డికీ లేదు, ఆయన పెట్టలే కూడ. తప్పు ఎవరిదంటే నిర్ణయం చేసి, తర్వాత దాన్ని మార్చుకోటానికి మూడేండ్లు తీసుకున్నోళ్ళది. ఆ మాట నేను పార్టీ ఆఫీసుల కూడ చెప్పిన, ఈడ కూడ చెప్తున్న. మీ తాత పేరు, ఊరు రాసి ఇయ్యి, మన దగ్గర తయారైతున్న లిస్టుల ఉందో లేదో చూద్దాం, లేకుంటే ఎక్కిద్దాం.

ఇంకో చీటీ. "గ్రూప్స్‌ల ఏ బిట్లు వస్తయి సార్?" హా, ఇది అసలు ప్రశ్న! రాసుకోండి. చిలుకూరు 1941, ఎనిమిదోది. భువనగిరి 1944, పదకొండోది. రెండింటికీ అధ్యక్షుడు ఒక్కరే. పోరాట పిలుపు 1947 సెప్టెంబర్ 11, విరమణ 1951 అక్టోబర్ 21. సుంకం అచ్చాలు పేరు కూడ రాసుకోండి, ఎవడో ఒక పేపర్ సెట్టర్‌కు బుద్ధి వచ్చి అడగొచ్చు. టీ వచ్చినట్టుంది, పెద్దోళ్ళకు ముందు ఇయ్యండి తమ్ముడూ.